గింతేనా? ఖరీదైన తిండి తొలి ముద్దలో ఏం జరుగుతుంది

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ కేఫ్‌ల మెనూల్లో కొన్నేళ్ల కిందట లేని పేర్లు ఇప్పుడు కనిపిస్తున్నాయి. ట్రఫుల్ ఫ్రైస్, కునాఫా చాక్లెట్, అవకాడో టోస్ట్, స్మోక్డ్ సాల్మన్. మొదటి జీతం వచ్చిన రోజో, పెళ్లిరోజుకో, అమెరికా నుంచి అన్న వచ్చినప్పుడో ఒక్కసారైనా తిని చూద్దామని ఆర్డర్ పెడతారు. ప్లేటు వస్తుంది, ఫొటో తీస్తారు, నోట్లో పెట్టుకుంటారు. ఆ తర్వాత చాలా టేబుళ్ల మీద వినిపించే మాట ఒకటే: "గింతేనా?"

ఆ మాట వెనుక రెండు అనుమానాలు ఉంటాయి. హోటల్ వాళ్లు మోసం చేశారా అన్నది ఒకటి. మనకే రుచి తెలియలేదా అన్నది రెండోది. బాధపెట్టేది ఈ రెండోదే. వేలు ఖర్చుపెట్టిన మనిషి చివరికి తన నాలుకనే తక్కువ చేసుకుంటాడు. నిజానికి ఆ నిరాశకు చాలావరకు వేరే కారణాలున్నాయి. అవి ధర ఎలా పుడుతుందన్న దాంట్లో కొన్ని, రుచి ఎలా అలవడుతుందన్న దాంట్లో కొన్ని దొరుకుతాయి.

క్లుప్తంగా

ఖరీదైన తిండి ధరను నిర్ణయించేవి అరుదు, కూలి, దూరం, పేరు. రుచిని నిర్ణయించేది ఎక్కువగా అలవాటు. ఈ రెండూ ఒకచోట కలవనప్పుడు మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది. కారం, పులుపు, నిండు కంచం అలవాటైన ఉత్తర తెలంగాణలో ఆ తేడా ఇంకాస్త గట్టిగా తెలుస్తుంది. పైగా ఇక్కడిదాకా చేరే సరుకులో చాలాసార్లు పేరే ఉంటుంది, అసలుది ఉండదు.

ఇంట్లోకి ముందుగా వచ్చిన ఖరీదైన సరుకు

కేఫ్‌లు రాకముందే వరంగల్ ఇళ్లలోకి ఒక లగ్జరీ సరుకు వచ్చేసింది. అది కుంకుమపువ్వు. బిడ్డకో కోడలికో నెల తప్పిందని తెలియగానే ఎవరో ఒకరు కిరాణా షాపుకో మెడికల్ షాపుకో వెళ్లి చిన్న ప్లాస్టిక్ డబ్బా కొనుక్కొస్తారు. లోపల ఉండేది గ్రాము, ఒక్కోసారి అరగ్రాము. రాత్రి పాలలో నాలుగు పోగులు వేసి తాగిస్తారు. పుట్టే పిల్ల ఎర్రగా ఉంటుందని నమ్మకం. ఆ నమ్మకానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఒంటిరంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుంది, పాలలో వేసిన పోగుల నుంచి రాదు. కానీ ఉన్నంతలోనే బతికే ఇంట్లో కూడా ఆ ఒక్క డబ్బాకు లెక్క చూసుకోకుండా ఖర్చు పెడతారు. చాలామంది జీవితంలో మొదటిసారి తిన్న ఖరీదైన పదార్థం అదే అయి ఉంటుంది.

కుంకుమపువ్వు ధర ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే మిగతా ఖరీదైన తిండ్ల లెక్క కూడా సగం అర్థమవుతుంది. ఒక్కో పువ్వులో ఉండేవి మూడే ఎర్ర పోగులు. ఒక గ్రాముకు సుమారు 150 పూలు, కిలోకు లక్షన్నర పూలు కావాలి. కాశ్మీర్‌లోని పాంపోర్ పొలాల్లో అక్టోబర్ చివరి నుంచి నవంబర్ మధ్య వరకు కొద్ది వారాలే పూత ఉంటుంది. పొద్దున్నే పూలు కోసి, ఒక్కో పువ్వు నుంచి పోగులు చేత్తో తీసి ఆరబెట్టాలి. ఈ పని ఇప్పటికీ ఎక్కువగా చేత్తోనే జరుగుతుంది. అంటే డబ్బాలో ఉన్న గ్రాములో ఎక్కువ భాగం మనుషుల వేళ్ల కూలి.

ధరకు, రుచికి సంబంధం ఎంత తక్కువో 2025లో స్పష్టంగా కనిపించింది. పహల్గాం దాడి తర్వాత ఏప్రిల్‌లో పాకిస్తాన్‌తో ఉన్న అటారీ సరిహద్దు మూతపడింది. అఫ్గానిస్తాన్ నుంచి ఆ దారిన వచ్చే కుంకుమపువ్వు ఆగిపోయింది. కాశ్మీర్ మేలురకం కిలో 5 లక్షల రూపాయలు దాటింది. పాల గ్లాసులోని వాసన నెల కిందట ఎలా ఉందో అలాగే ఉంది. మారింది సరిహద్దు దగ్గరి గేటు ఒక్కటే.

మరి రుచి? ఆ పోగుల్లో మూడు ముఖ్యమైన పదార్థాలుంటాయి. రంగునిచ్చేది క్రోసిన్, చేదునిచ్చేది పిక్రోక్రోసిన్, వాసననిచ్చేది సాఫ్రనాల్. కుంకుమపువ్వు తియ్యగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ముక్కుకు తీపి వాసన తగిలినా నాలుకకు తగిలేది చేదు. అందుకే ఖరీదు కదా అని పోగులు ఎక్కువ వేస్తే పాలు మందు వాసన కొడతాయి. మొదటిసారి తాగిన గర్భిణి మొహం చిట్లించిందంటే ఆమె నాలుక సరిగ్గానే పనిచేస్తోందని అర్థం.

తాడ్వాయి పుట్టకొక్కులు, ఇటలీ ట్రఫుల్

ట్రఫుల్ అనే పేరు వినగానే ఏదో విదేశీ వింత అనిపిస్తుంది. కానీ దాని సంగతి ములుగు జిల్లా తాడ్వాయి, భూపాలపల్లి అడవుల పక్కన బతికేవాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. వానాకాలంలో నాలుగు మంచి వానలు పడ్డాక చెద పుట్టల దగ్గర పుట్టకొక్కులు లేస్తాయి. తెల్లవారకముందే అడవికి పోయి ఏరుకొచ్చి, ఆకుల్లోనో తట్టల్లోనో పెట్టి రోడ్డు పక్కన అమ్ముతారు. ఆ కొద్ది రోజుల్లో మటన్‌తో పోటీపడే ధర పలుకుతాయి. మధ్యాహ్నానికి వాడిపోతాయి, మర్నాటికి పనికిరావు.

వీటిని ఎవరూ షెడ్డు వేసి ఎందుకు పెంచడం లేదు? మార్కెట్లో దొరికే బటన్ మష్రూమ్ ఎరువు మీద, ఆయిస్టర్ మష్రూమ్ వరిగడ్డి మీద పెరుగుతాయి. పుట్టకొక్కు మాత్రం చెదపురుగులు లేకుండా పెరగదు. చెదలు నమిలి తెచ్చిన ఆకూ కట్టెలతో పుట్ట లోపల మెత్తటి తోటలాంటిది కట్టుకుంటాయి. దాని మీద ఈ శిలీంధ్రాన్ని పెంచి, దాన్నే తింటాయి. వాన పడ్డాక ఆ తోటలోంచి గొడుగు భూమిపైకి వస్తుంది. పురుగు, శిలీంధ్రం కలిసి చేసే సేద్యం అది. దాన్ని మనిషి ఇంతవరకు వ్యాపార స్థాయిలో చేయలేకపోయాడు.

ట్రఫుల్‌దీ అదే కథ. చెదపురుగు స్థానంలో అక్కడ చెట్టు వేరు ఉంటుంది. ఓక్, హేజల్ లాంటి చెట్ల వేళ్లతో కలిసి భూమి లోపలే పెరిగే శిలీంధ్రం అది. పైకి కనిపించదు కాబట్టి శిక్షణ ఇచ్చిన కుక్కలతో వాసన పట్టించి తవ్వుతారు. పూర్వం పందులతో వెతికించేవారు. నల్ల ట్రఫుల్‌ను మొక్కల వేళ్లకు శిలీంధ్రం పట్టించి తోటల్లో పండిస్తున్నారు. ఇటలీలోని ఆల్బా ప్రాంతానికి పేరు తెచ్చిన తెల్ల ట్రఫుల్ మాత్రం ఇంకా ఎక్కువగా అడవినే నమ్ముకుంది. అది శీతాకాలానికి ముందు కొద్ది నెలలే దొరుకుతుంది. తవ్విన దగ్గర్నుంచి వాసన రోజురోజుకూ తగ్గిపోతుంది. ట్రఫుల్‌లో ఉన్నదంతా వాసనే కాబట్టి విలువ కూడా రోజురోజుకూ పడిపోతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పుట్టకొక్కుల కూర కోసం ములుగు వాళ్లు ఎదురుచూస్తారు, మొదటి ముద్దకే కళ్లు మూసుకుని తింటారు. ఎందుకంటే చిన్నప్పటి నుంచి ఆ వాసన తెలుసు. ట్రఫుల్ వాసనకు అలాంటి పాత పరిచయం లేదు. పైగా అందులోని ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం అందరికీ ఒకేలా తగలదు. కొందరికి అసలు తెలియదు, కొందరికి చెమట వాసనలా, మూత్రం వాసనలా అనిపిస్తుంది. ఈ తేడా కొంతవరకు జన్యువుల్లోనే ఉంది. ఒకే ప్లేటు ముందు కూర్చున్న అన్నదమ్ముల్లో ఒకరు బాగుందని, ఇంకొకరు కంపు అని అంటే ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు.

కారానికి అలవాటైన నోరు

యూరప్, జపాన్ల నుంచి వచ్చిన ఖరీదైన తిండ్లలో ఎక్కువ వాటికి ఒక పోలిక ఉంది. వాటిలో కారం ఉండదు, పులుపు తక్కువ. కొవ్వు, ఉప్పు, సన్నటి వాసన, వీటి మీదే రుచి నడుస్తుంది. కావియార్ అంటే స్టర్జన్ చేప గుడ్లకు తగుమాత్రం ఉప్పు కలిపినవి. పచ్చి సాల్మన్ అంటే మెత్తటి కొవ్వు. ఎల్లిపాయ కారం, చింతపండు పులుసు, పచ్చి పులుసు తిని పెరిగిన నోటికి ఇవి చప్పగా తగలడంలో వింత లేదు.

కారం అనేది శాస్త్రం లెక్కలో రుచే కాదు, ఒక రకం మంట. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని గుర్తించే ఒక గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. ఆ గ్రాహకాన్ని గుర్తించినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. పుట్టుకతో ఏ పసిబిడ్డకూ కారం నచ్చదు. అమ్మ పప్పన్నంలో కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే నాలుగైదేళ్లకు నోరు ఒప్పుకుంటుంది, ఆ తర్వాత అది లేనిదే ముద్ద దిగదు. అంటే ఇక్కడి ప్రతి మనిషీ ఒక కష్టమైన రుచిని ఒకసారి నేర్చుకున్నవాడే. కావియార్ విషయంలో కావలసింది కూడా అలాంటి అలవాటే. పిల్లలకు కొత్త కూరగాయ నచ్చాలంటే ఎనిమిది, పది సార్లైనా పెట్టి చూడాలని పోషకాహార నిపుణులు చెబుతారు. ఖరీదైన తిండిని ఒక్కసారి, అది కూడా ఒక్క స్పూను తిని తీర్పు చెప్పాల్సి వస్తోంది. అన్నిసార్లు తినిపించే స్తోమత ఎవరికుంది?

చీజ్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నీలి బూజు పట్టించిన చీజ్ ముక్క మొదటిసారి వాసన చూసి ప్లేటు పక్కకు తోసేవాళ్లే ఎక్కువ. అదే మనిషి ఇంట్లో ఎండు చేపలు వేయిస్తుంటే వాసనకే ఆకలి తెచ్చుకుంటాడు. రెండింటిలోనూ జరిగింది దాదాపు ఒకటే. కాలం గడిచేకొద్దీ ప్రోటీన్లు విరిగి గ్లుటమేట్ లాంటి పదార్థాలు పెరిగాయి. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా ఉమామి అని పేరుపెట్టిన రుచి అదే. ఎండు రొయ్యల పులుసులో, బాగా పండిన టమాటాలో, పాత చీజ్‌లో ఉన్నది ఒకే రకం రుచి. పొయ్యి మీదున్న ఎండు రొయ్యల వాసన పక్కింటి యూరప్ అతిథికి ఎలా తగులుతుందో ఊహిస్తే చీజ్ ముందు మన పరిస్థితి అర్థమవుతుంది.

2005లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చేసిన ప్రయోగం ఈ సంగతిని తేటగా చూపింది. ఒకే వాసనను కొందరికి చెడ్డర్ చీజ్ అనే పేరుతో, ఇంకోసారి ఒంటి కంపు అనే పేరుతో చూపించారు. చీజ్ అన్నప్పుడు బాగుందన్నారు, ఒంటి కంపు అన్నప్పుడు అంత నచ్చలేదన్నారు. ముక్కు ముందున్న పదార్థం మారలేదు.

ముక్కల లెక్క

ఉత్తర తెలంగాణలో గొప్ప విందుకు కొలత దావత్. బగారా అన్నం, మటన్, తలకాయ కూర, బోటీ. పెళ్లిలో మర్యాద జరిగిందా లేదా అన్నది కంచంలో పడ్డ ముక్కలను బట్టి తేలుతుంది. "ఇంకో రెండు ముక్కలెయ్యి" అని వడ్డించేవాడిని కేకేయడం ప్రేమకు గుర్తు. అంటే ఇక్కడ గొప్పతనం నిండుగా ఉండటంలో ఉంది. మేక ఊళ్లోనే దొరుకుతుంది, కోయించగలిగే స్తోమతే గొప్ప.

ఖరీదైన విదేశీ తిండిలో గొప్పతనం కొంచెంగా ఉండటంలో ఉంది. పెద్ద తెల్లని ప్లేటు, మధ్యలో మూడు వేళ్లకు సరిపడా పదార్థం. సరుకు అరుదు కాబట్టి అంతే పెట్టగలరు, అంతే పెట్టడం వల్ల అరుదు అన్న భావన ఇంకా పెరుగుతుంది. దావత్ లెక్కలో పెరిగిన మనిషికి ఆ ప్లేటు అవమానంలా తోస్తుంది. "గింతేనా?" అన్న మాటలో సగం రుచి గురించి కాదు, ఈ పరిమాణం గురించే. రెండు సంప్రదాయాలూ అతిథిని గౌరవించాలనే చూస్తున్నాయి. కొలమానాలు మాత్రం ఎదురెదురుగా ఉన్నాయి.

ధర చెబితే నాలుక వింటుంది

2008లో కాలిఫోర్నియాలో కాల్టెక్, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒకే వైన్‌ను రెండు ధరలు చెప్పి తాగించారు. ఒకసారి 10 డాలర్లు, ఇంకోసారి 90 డాలర్లు. 90 అన్నప్పుడు రుచి బాగుందని చెప్పారు. చెప్పడమే కాదు, స్కాన్‌లో ఆనందానికి సంబంధించిన మెదడు భాగం కూడా ఎక్కువగా స్పందించింది. అంటే వాళ్లు గొప్పలకు పోలేదు, నిజంగానే ఎక్కువ ఆనందించారు. అదే ఏడాది వెలువడిన ఇంకో పరిశీలనలో ధర చెప్పకుండా 6 వేలకు పైగా రుచి పరీక్షలు చూస్తే మామూలు జనం ఖరీదైన వైన్‌ను ప్రత్యేకంగా ఇష్టపడలేదు.

మరి ధర ఆనందాన్ని పెంచేటట్లయితే హనుమకొండ టేబుల్ మీద నిరాశ ఎందుకు? ధర రెండు వైపులా పదునున్న కత్తి. తెలిసిన పదార్థానికి ధర ఎక్కువ చెబితే నాలుక దాన్ని మెచ్చుకోవడానికి కారణాలు వెతుక్కుంటుంది. బాస్మతి ధర చెప్పి పెడితే అన్నం పొడిపొడిగా, ఇంకా సువాసనగా తోస్తుంది. అసలు పరిచయమే లేని పదార్థానికి ధర ఎక్కువ చెబితే నాలుకకు వెతకడానికి ఏమీ దొరకదు. ఆశ కొండంత, చేతికి చిక్కింది గోరంత. రోజుల తరబడి రీల్స్‌లో చూసి పెంచుకున్న ఆశ అయితే ఆ నిరాశ లోతు ఇంకా ఎక్కువ.

ఒకప్పుడు వరి అన్నం కూడా పండుగ తిండే

లగ్జరీ అన్న ముద్ర ఏ పదార్థం మీదా శాశ్వతంగా ఉండదు. దీనికి లండన్, పారిస్ ఉదాహరణలు అక్కర్లేదు. కరీంనగర్, వరంగల్ మెట్ట ఊళ్లలో డెబ్బై, ఎనభై ఏళ్లు దాటిన వాళ్లను అడిగితే చాలు. వాళ్ల చిన్నతనంలో రోజూ తిన్నది జొన్న గట్క, జొన్న రొట్టె, మక్క గట్క. వరి అన్నం పండుగకో, చుట్టం వస్తేనో. చెరువు కింద పొలం ఉన్న ఇంటికే రోజూ బువ్వ.

1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు, ఇప్పటి శ్రీరాంసాగర్, కాకతీయ కాలువ ద్వారా ఈ జిల్లాలకు నీళ్లు తెచ్చింది. బావులు, బోర్లు, కరెంటు మోటార్లు తోడయ్యాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో వరి అన్నం పండుగ నుంచి రోజువారీ కంచంలోకి దిగింది. ఆ తర్వాత హోదా సన్నబియ్యానికి మారింది. రేషన్‌లో దొడ్డు బియ్యం తెచ్చుకుని అమ్ముకుని, సన్నబియ్యం కొనుక్కోవడం ఇళ్లలో మామూలైంది. 2025 ఉగాది నాడు రేషన్ షాపుల ద్వారా సన్నబియ్యం పంపిణీ పథకం మొదలవడంతో ఆ గీత కూడా చెరిగిపోతోంది. మరోవైపు 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, షుగర్ భయంతో, కొర్రలు, అరికెలు సూపర్ మార్కెట్ అరల్లోకి చేరి బియ్యం కంటే ఎక్కువ ధర పలుకుతున్నాయి. తాత బీదరికం వల్ల తిన్నది మనవడు డాక్టర్ మాట విని డబ్బు పెట్టి కొంటున్నాడు. రెండు మూడు తరాల్లో చక్రం పూర్తిగా తిరిగింది.

మరో దారి గల్ఫ్ సూట్‌కేసు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల ఊళ్లలో పిస్తా, మేలురకం ఖర్జూరం, పాలపొడి డబ్బాలు, చాక్లెట్లు ముందుగా వచ్చింది షాపుల ద్వారా కాదు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చిన మనిషి పెట్టెలో వచ్చాయి. పెట్టె విప్పుతుంటే చుట్టూ చేరిన పిల్లలకు ఒక్కొక్కరికి రెండేసి పిస్తాలు దక్కేవి. ఆ తిండికి రుచి తెచ్చింది ఎడారిలో ఎండకు చేసిన కష్టం, రెండేళ్ల ఎదురుచూపు. కేఫ్ బిల్లుకు ఆ బలం లేదు. ఖరీదైన తిండి గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టకూడదు.

డ్రాగన్ ఫ్రూట్‌ది తాజా ఉదాహరణ. దిగుమతి అయిన రోజుల్లో ఒక్కో పండును కాగితంలో చుట్టి అమ్మేవారు. తెలంగాణ రైతులే స్తంభాలు పాతి పండించడం మొదలుపెట్టాక అది తోపుడు బండి మీదికి వచ్చింది. పండు మారలేదు, మొదటిసారి తిన్నవాళ్లకు ఎంత చప్పగా ఉందో ఇప్పుడూ అంతే. దానికి లక్షణంగా ఉన్న అరుదు ఒక్కటే పోయింది.

పేరు ఉంటుంది, సరుకు ఉండదు

మొదటి ముద్ద నిరాశకు మరో బలమైన కారణం, తిన్నది అసలుది కాకపోవడం. ప్రతి బేకరీలో దొరికే చాక్లెట్ ట్రఫుల్ కేకులో ట్రఫుల్ ఉండదు. ట్రఫుల్ గడ్డలా గుండ్రంగా, మట్టి రంగులో చేసిన చాక్లెట్ ఉండలకు ఆ పేరు వచ్చింది, అది కేకుకు అంటుకుంది. ఇది మోసం కాదు, పేరు మాత్రమే. ట్రఫుల్ ఫ్రైస్ సంగతి వేరు. వాటి మీద చల్లే ట్రఫుల్ నూనెల్లో ఎక్కువ వాటికి వాసన వచ్చేది 2,4-డైథయాపెంటేన్ అనే పదార్థం నుంచి. తెల్ల ట్రఫుల్‌లో సహజంగా ఉండే ముఖ్యమైన వాసన ఇదే అయినా, నూనెలో కలిపేది సాధారణంగా ప్రయోగశాలలో తయారైనది. అసలు గడ్డలో పదుల కొద్దీ వాసనలు కలిసి ఉంటే ఇందులో ఒక్కటే గట్టిగా కొడుతుంది. అది తిని ట్రఫుల్ బాగాలేదని తేల్చేయడం, రోజ్ సిరప్ తాగి గులాబీ గురించి చెప్పడం లాంటిది.

వాసబీ కూడా అంతే. పారే నీళ్లలో పెరిగే అసలు వాసబీ దొరకడం కష్టం. ఎక్కువచోట్ల ఇచ్చేది హార్స్‌రాడిష్ అనే దుంప, ఆవపిండి, ఆకుపచ్చ రంగు కలిపిన ముద్ద. కొత్తగా పట్టిన ఆవకాయలో ముక్కుకెక్కే ఘాటు, ఇది ఒకే కుటుంబం.

కునాఫా చాక్లెట్ విషయంలో జాగ్రత్త కాస్త ఎక్కువే అవసరం. 2021లో దుబాయ్‌లోని చిన్న సంస్థ ఒకటి పిస్తా పేస్టు, కరకరలాడే సేమ్యా లాంటి కతాయిఫీ నింపి ఈ చాక్లెట్ చేసింది. 2023 చివర ఒక వీడియోతో అది ప్రపంచమంతా పాకింది. 2025 వసంతానికి పిస్తా గింజల ధర ఏడాదిలో పౌను 7.65 డాలర్ల నుంచి 10.30 డాలర్లకు ఎక్కింది. దాని ఫలితం ఊహించడం కష్టం కాదు. ముడిసరుకు అంత పెరిగినప్పుడు, మరీ తక్కువ ధరకు దొరికే నకలులో పిస్తా ఎంత, పల్లీ పేస్టు ఎంత, ఆకుపచ్చ రంగు ఎంత అన్న ప్రశ్న వస్తుంది. పల్లీ పడని పిల్లలకు ఇది రుచి సమస్య కాదు, ప్రాణం మీదికి తెచ్చే సమస్య. బ్రిటన్ ఆహార భద్రతా సంస్థ ఈ తరహా చాక్లెట్లలో అలర్జీ వివరాలు సరిగా లేవని 2025లో హెచ్చరించింది కూడా.

బంగారు రేకు చుట్టిన ఐస్‌క్రీమ్, దోశ గురించి రెండు మాటలు చాలు. బంగారానికి రుచి లేదు, వాసన లేదు, ఒంటికి పట్టదు.

మియాజాకి మొక్క కొన్న రైతు

ఖరీదైన తిండి ప్రభావం తినేవాళ్లతో ఆగదు. మియాజాకి అనే జపాన్ మామిడి కిలో రెండున్నర లక్షలు దాటిందన్న వార్తలు వచ్చాక ఆ మొక్కలు నర్సరీల్లో మామూలు అంటు కంటే ఎన్నో రెట్లు ధరకు అమ్ముడవుతున్నాయి. జగిత్యాల, కరీంనగర్ మామిడి తోటల రైతులు ఈ ధర వెనుక ఉన్న లెక్కను తెలుసుకోవడం మంచిది.

మియాజాకి అనేది ప్రత్యేక జాతి కాదు. జపాన్‌లోని ఆ జిల్లాలో పండించే ఇర్విన్ అనే రకం, అది అమెరికాలోని ఫ్లోరిడాలో పుట్టింది. పండు కనీసం 350 గ్రాములు తూగాలి, తీపి కొలత 15 బ్రిక్స్ ఉండాలి, ఎర్రగా మెరవాలి. అప్పుడే సూర్యుని గుడ్డు అన్న బ్రాండ్ ముద్ర పడుతుంది. గ్రీన్‌హౌస్‌లలో ఒక్కో కాయకు వలసంచి కట్టి, తనంతట తాను రాలేదాకా ఆగుతారు. 2019లో సీజన్ తొలి వేలంలో రెండు పండ్ల పెట్టె 5 లక్షల యెన్‌లు పలికింది. అది తొలి వేలం, షాపులు ప్రచారం కోసం పాడుకునే వేలం. మిగతా పండ్లు అక్కడ కూడా అంతకంటే ఎంతో తక్కువకు పోతాయి. అంటే ధర ఉన్నది గ్రేడింగ్‌లో, కానుకలిచ్చే జపాన్ ఆచారంలో, వేలంలో. మొక్కతోపాటు ఇవేవీ రావు. తీపి మాటకొస్తే బాగా మాగిన హిమాయత్‌కు 15 బ్రిక్స్ దాటడం పెద్ద పని కాదు.

మొదటిసారి తినేటప్పుడు

కొన్ని సంగతులు ముందే తెలిస్తే డబ్బూ, ఆరోగ్యమూ దక్కుతాయి. రొయ్యలు, పీతలు, గింజలు పడనివాళ్లు ఆల్చిప్పలు, లాబ్‌స్టర్, పిస్తా నిండిన స్వీట్లు ముట్టుకునే ముందు అడగాలి. పచ్చి చేప, పచ్చి ఆల్చిప్పలు గర్భిణులకు, పసిపిల్లలకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు వద్దు. సముద్రం నుంచి వరంగల్ దాకా చల్లదనం మధ్యలో తెగినా పచ్చి తిండి ప్రమాదమే. పచ్చి గుడ్డుతో చేసిన మయోనీజ్‌ను 2024 అక్టోబర్ చివర రాష్ట్ర ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించాల్సి వచ్చిందని గుర్తుంచుకుంటే ట్రఫుల్ మయో గురించి ఒక ప్రశ్న అడగడం తప్పు కాదు.

దిగుమతి ప్యాకెట్ కొంటే దాని మీద దిగుమతిదారు పేరు, మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్, గడువు తేదీ చూడాలి. తేదీ దగ్గరపడిన సరుకే చాలాసార్లు సగం ధరకు వస్తుంది. హోటల్ బిల్లులో సర్వీస్ చార్జ్ తప్పనిసరి కాదని 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. కుంకుమపువ్వును మాత్రం ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. గోరువెచ్చని నీళ్లలో రెండు పోగులు వేయాలి. అసలుదైతే పది పదిహేను నిమిషాల్లో మెల్లగా బంగారు పసుపు దిగుతుంది, పోగు ఎర్రగానే ఉంటుంది. రంగు పూసిన మొక్కజొన్న పీచో, కుసుమ పూరేకో అయితే వేసిన క్షణంలోనే ఎర్రగా కారి, పోగు వెలిసిపోతుంది.

రుచి తెలుసుకోవాలనుకుంటే బాగా ఆకలి మీద వెళ్లకపోవడం, ముందు కారపు స్టార్టర్ తినకపోవడం మేలు. కారం మండుతున్న నోటికి సన్నటి వాసనలు అందవు.

చపాటా వంతు

ఇదే లెక్క తిరగబడి వరంగల్ సరుకుకు కూడా వర్తించబోతోంది. ఇక్కడి చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటాలా బొద్దుగా, ముదురు ఎరుపులో ఉండే ఈ కాయను ఊళ్లలో టమాటా మిర్చి అనే అంటారు. 2022లో వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్లో దేశీ రకం మిర్చి క్వింటాల్ 50 వేల రూపాయలు దాటి పలికింది. ఆ ఏడాది తెగుళ్లతో దిగుబడి పడిపోయింది. అప్పుడూ ధరను నిర్ణయించింది కొరతే. భౌగోళిక గుర్తింపు ఆ కొరతకు ఒక పేరును జోడిస్తుంది. ఇంకో చోట పండించి వరంగల్ చపాటా అని అమ్మడం ఇక చెల్లదు.

రేపు ఈ కాయ పొడి ఏ బెంగళూరు షాపులోనో, ఏ దుబాయ్ హోటల్లోనో చిన్న గాజు సీసాలో, పెద్ద ధర చీటీతో అమ్ముడైతే, దాన్ని మొదటిసారి నోట్లో వేసుకునే మనిషి ఆ ఎరుపు చూసి పక్కనే నీళ్ల గ్లాసు పెట్టుకుంటాడు. వేసుకున్నాక ఎదురుచూసిన మంట రాదు. చపాటాలో రంగు ఎక్కువ, కారం తక్కువ. పచ్చళ్లకు అది కావాలని వెతికి కొనేది అందుకేనని ఎనుమాముల యార్డులో సంచి విప్పి కాయ చేత్తో నలిపి చూసే రైతుకు తెలుసు. ఆ కొత్త మనిషికి ఇంకా తెలియదు. అతను కూడా సీసా వైపు ఒకసారి, ధర చీటీ వైపు ఒకసారి చూసి తన భాషలో ఆ మాటే అంటాడు.